కుమాసి చూడాలనుకుంటే చావుకు పిలుపు వచ్చింది

ప్రశ్న:

ఘానాలోని టేమా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 36. భర్త అక్కడ ఒక ఫ్యాక్టరీలో ఇంజినీరు. వెళ్లి రెండేళ్లయినా టేమా, అక్రా తప్ప ఏమీ చూడలేదు. ఈమధ్యే పిఠాపురం నుంచి అత్తగారు మూడు నెలలు ఉండడానికి వచ్చారు. ఆవిడ ఉండగానే ఒకసారి కుమాసి వెళ్లి అక్కడి అసాంతే జాతి రాజుల ప్యాలెస్, కెంటే బట్ట నేసే ఊరు చూసి రావాలని డిసెంబరులో ఒక శని, ఆదివారాలకు హోటల్ బుక్ చేసుకున్నారు.

ఇంతలో వాళ్లింట్లో రెండేళ్లుగా పనిచేస్తున్న ఘానా ఆవిడ ఒక కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. వాళ్లమ్మగారు 83 ఏళ్ల వయసులో పోయారు. కుమాసి దగ్గర ఎజిసు పక్క పల్లెలో సరిగ్గా ఆ శనివారమే అంత్యక్రియలు. "మీరందరూ రావాలి, పెద్దమ్మగారిని కూడా తీసుకురండి" అంది. అత్తగారు వినగానే చెవులు మూసుకున్నారు. మాఘమాసంలో ఆవిడ చిన్న కూతురి పెళ్లి. "ఇంట్లో పెళ్లి పెట్టుకుని చావింటికి వెళ్తారా, అదీ ముక్కూ మొహం తెలియని వాళ్లింటికి?" అన్నారు. భర్త మాత్రం "కొంత డబ్బిచ్చేద్దాం, మన ట్రిప్ మనం చేసుకుందాం" అంటున్నారు.

ఉత్తరం చివర్లో ఆమె ఇంకో రెండు విషయాలు రాశారు. అమ్మ పోయిన రెండు నెలలకు ఆ పనావిడ అంత్యక్రియల ఖర్చుకని జీతం అడ్వాన్సు అడిగితే, "చనిపోయి రెండు నెలలైతే ఇప్పుడు అంత్యక్రియలేంటి? డబ్బు కోసం అమ్మను కూడా వాడుకుంటారా?" అని ఈమె ఆవిడ ఎదురుగానే అనేశారు. ఆవిడ ఏమీ అనకుండా వెళ్లి గిన్నెలు తోముకుంది. ఇక రెండోది: "పిలుపు రాగానే నాకు ముందు అనిపించింది జాలి కాదు, 'అసలైన అసాంతే అంత్యక్రియలు చూసే ఛాన్స్' అని. ఫోన్‌లో వీడియో తీయాలని కూడా అనుకున్నాను. నన్ను చూస్తే నాకే సిగ్గుగా ఉంది. వెళ్లాలా, మానాలా?"

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా వారి ఉద్యోగం వల్ల నేను కుమాసిలో నాలుగేళ్లు ఉన్నాను, అందుకే ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయాను. మీరు అడిగింది "వెళ్లాలా, మానాలా" అని. నాకు మాత్రం ఇందులో మూడు ముడులు కనిపిస్తున్నాయి: పనావిడతో మీ మాట, అత్తగారి పట్టింపు, మీ కుతూహలం. మూడూ కలిసిపోవడం వల్లే ఇంత టెన్షన్. ఒక్కొక్కటే విప్పుదాం.

మొదట ఆ రెండు నెలల సంగతి. మనకు ప్రాణం పోయిన రోజే, లేదంటే మర్నాడు అంతా అయిపోవాలి. పల్లెల్లో అయితే శవం లేచేదాకా పొయ్యి కూడా వెలిగించరు. అసాంతే వాళ్లలో అలా కాదు. ఘానాలోనే ముస్లింలు మనలాగే వెంటనే ఖననం చేస్తారు గానీ, అసాంతే క్రైస్తవ కుటుంబాల్లో శవాన్ని మార్చురీలో వారాలు, నెలలు ఉంచడం మామూలు. ఆ వ్యవధి నిర్లక్ష్యం వల్ల కాదు. వంశమంతా కూర్చుని తేదీ నిర్ణయించాలి. లండన్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు రావాలి. టెంట్లు, కుర్చీలు, భోజనాలు, వంశం వాళ్లందరికీ ఒకే రకం బట్ట, గోడలకు అంటించే ఫోటో పోస్టర్లు, మార్చురీ అద్దె, వీటన్నిటికీ డబ్బు సమకూరాలి.

ఇంకో మాట. మన గోత్రం తండ్రి నుంచి వస్తుంది. అసాంతేలలో వంశం తల్లి నుంచి వస్తుంది, దాన్ని 'అబుసువా' అంటారు. సంప్రదాయం ప్రకారం ఆస్తి, పదవి, బాధ్యత అటు నుంచే. రాజపీఠం కూడా రాజుగారి కొడుక్కి రాదు, తల్లి వైపు వాళ్లకే వస్తుంది. అంటే మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు ఇది అమ్మ చావు మాత్రమే కాదు. తన వంశం తరఫున, నలుగురిలో తలెత్తుకుని నిలబడాల్సిన రోజు. అందుకు కావలసిన డబ్బులో కొంతే మీ దగ్గర అడ్వాన్సుగా అడిగింది. మీరు అన్న మాట ఎంత లోతుగా దిగి ఉంటుందో ఇప్పుడు మీకు తెలుస్తుంది. అయినా ఆవిడ మీ ఇంటికి కార్డు తెచ్చింది. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద విషయంగా కనిపించింది ఇదే.

కాబట్టి వెళ్లినా మానినా ముందు చేయాల్సింది ఒకటుంది, క్షమాపణ. అది ప్రయాణంతో ముడిపెట్టకండి. "వస్తున్నాం కదా, ఇక అది మర్చిపో" అన్నట్టు ఉండకూడదు. అసాంతేలు మాట్లాడే ట్వీ భాషలో 'మెపాచో' అని ఒక మాట ఉంది. 'దయచేసి' అనడానికీ, 'తప్పయింది' అని బతిమాలడానికీ అదే మాట. నిజానికి 'నా టోపీ తీస్తున్నాను' అని దాని అర్థం. ఆవిడతో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట అని, మీ ఊళ్లో ఎలా ఉంటుందో, మీరెందుకు అలా పొరబడ్డారో చెప్పండి. ఒకే రోజులో దహనం చేసేస్తామని చెబితే ఆవిడ కూడా ఆశ్చర్యపోతుంది. నాతో ఒక అసాంతే ముసలమ్మ, "అంత తొందరగా పంపేస్తారా, అంత ప్రేమ లేదా?" అని నిజంగానే బాధపడింది.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఇందులో ఆవిడను ఒప్పించడం మీ పని అనుకోకండి. పెళ్లి పెట్టుకున్న ఇంటి తల్లి భయం అది. పైగా ఒక మాట నిష్ఠూరమైనా చెప్పాలి. మీరు బలవంతంగా తీసుకెళ్లాక రేపు పెళ్లిలో చిన్న అపశ్రుతి దొర్లినా, వాన పడినా, వంటవాడు ఆలస్యంగా వచ్చినా, ఆ చావింటి ప్రయాణమే గుర్తుకొస్తుంది. ఆ మాట మీరు ఏళ్ల తరబడి పడాలి. అలాగని ఆవిడ మాటే మీకు శాసనం అని కూడా నేను అనను. రక్తసంబంధం లేని చోటికి పరామర్శకు వెళ్లి వస్తే తలస్నానంతో సరిపోతుందని మన ఇళ్లలో చాలామంది పాటిస్తారు. పెళ్లి పనులు మొదలయ్యాక, పసుపు దంచాక మాత్రం పట్టింపు ఎక్కువ. మీకు ఇంకా ఆ పనులు మొదలు కాలేదు. ఆవిడకు నమ్మకమున్న పురోహితుడితో ఫోన్‌లో ఆవిడే మాట్లాడితే మంచిది. మీరు మాట్లాడి చెబితే అది మీ వాదన అవుతుంది.

ఆవిడకు అక్కడి పద్ధతి కొంచెం వివరించి చూడండి. ఒప్పించడానికి కాదు, భయం తగ్గడానికి. 2020 లాక్‌డౌన్‌లో శవపేటిక భుజాన పెట్టుకుని డాన్సు చేసే సూటుబూటు వాళ్ల వీడియోలు మన ఫోన్లన్నిటిలో తిరిగాయి కదా, అత్తగారు కూడా అవే చూసి ఉంటారు. అది డబ్బిచ్చి పిలిపించుకునే బృందం పని. అన్ని చావుల్లోనూ అలా ఉండదు. ఎజిసు పల్లెలో మీరు చూడబోయేది వేరు. సాధారణంగా శుక్రవారం రాత్రి లేదా శనివారం తెల్లవారుజామున శవాన్ని అలంకరించి ఉంచుతారు. ఆ తర్వాత ప్రార్థన, ఖననం. అవన్నీ అయ్యాక ఖాళీ స్థలంలో టెంట్ల కింద అందరూ కూర్చుంటారు. ఎదురెదురుగా కుర్చీలు, డప్పులు, పాటలు. ఆడవాళ్లు 'అడోవా' ఆడతారు. వేళ్లతోనే మాట్లాడినట్టుండే నెమ్మదైన ఆట అది. పండు వయసులో పోయిన ముసలమ్మ కాబట్టి ఏడుపు కన్నా గౌరవం ఎక్కువ కనిపిస్తుంది. పండు ముసలివాళ్లు పోతే మన పల్లెల్లో కూడా డప్పులు, పూల పల్లకీ పెట్టి పంపుతారని అత్తగారికి నేను చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి చెప్పండి, ఆవిడకు ఇట్టే అర్థమవుతుంది. వచ్చినవాళ్లు ఒక బల్ల దగ్గర డబ్బిస్తారు, దాన్ని 'న్సావా' అంటారు. మైకులో పేరు, ఇచ్చిన డబ్బెంతో చదువుతారు, రసీదు ఇస్తారు. అచ్చం మన పెళ్లిళ్లలో చదివింపుల్లాగే! మొదటిసారి మైకులో పేర్లు వింటుంటే నాకు మా అమ్మమ్మగారి ఊళ్లో పెళ్లిపందిరే గుర్తొచ్చింది. అప్పుచేసి అంత్యక్రియలు చేసిన కుటుంబానికి ఆ చదివింపులే ఆసరా.

మీకున్న దారులు ఇవీ.

మొదటిది, ముగ్గురూ ప్రయాణం మానకుండా, మీరూ మీవారూ మాత్రమే అంత్యక్రియలకు వెళ్లడం. అత్తగారు కుమాసి హోటల్లో ఉంటారు. ఎజిసు కుమాసికి 20 కిలోమీటర్ల లోపే, అక్రా రోడ్డు మీదే ఉంటుంది. ఖననం అయ్యాక మధ్యాహ్నం టెంటు దగ్గరికి వెళ్లి రెండు గంటలుండి వచ్చేయొచ్చు. శవాన్ని చూడాల్సిన పని రాదు. హోటల్‌కి రాగానే తలస్నానం చేసి, ఆ బట్టలు విడిగా పెడితే అత్తగారికీ సమాధానంగా ఉంటుంది. నాకు ఎక్కువ నచ్చే దారి ఇదే, కానీ ఇందులో ఒక చిక్కుంది. 64 ఏళ్ల మనిషిని తెలియని ఊళ్లో, భాష రాని చోట ఒక పూటంతా గదిలో ఒంటరిగా వదిలేస్తున్నారు. ఆవిడకు అది ఇష్టమేనా అని నిజంగా అడగండి. మొహమాటానికి "సరే" అంటే అది సరే కాదు.

రెండోది, మీరొక్కరే వెళ్లడం. మీవారు అత్తగారితో ఉంటారు. పనావిడకు మీరే దగ్గర కాబట్టి ఇది తప్పేం కాదు. కాకపోతే ఆ పల్లెలో మీకు తోడు కావాలి. అక్రా, టేమాల నుంచి ఆవిడ బంధువులు ఎవరో ఒకరు కలిసి వెళ్తుంటారు. "నేను మీవాళ్లతో రావచ్చా?" అని అడిగితే ఆవిడ సంతోషిస్తుందనే నా నమ్మకం. మీవారికి మాత్రం ఇది భయంగా ఉండొచ్చు.

మూడోది, అంత్యక్రియలకు వెళ్లకపోవడం. మీవారన్నట్టు డబ్బు పంపించడం. తీసుకుంటారు, మీ పేరు మైకులో చదువుతారు, రసీదు తెచ్చిస్తుంది. తప్పు పట్టరు. కానీ ఆ వారాంతమే మీరు కుమాసిలో ప్యాలెస్ చూస్తూ, ఎజిసు మీదుగా కారులో దాటిపోయి, ఆవిడ ఇంటికి వెళ్లలేదంటే? ఆ సంగతి సోమవారానికి ఆవిడకు తెలుస్తుంది. ఈ దారే ఎంచుకుంటే కుమాసి ట్రిప్‌ని ఇంకో వారానికి మార్చుకోండి. ఊరు చూడటానికి తీరిక ఉంది గానీ చావుకి లేదు అన్నట్టు కనబడకూడదు. మీవారితో ఈ ఒక్క మాట చెప్పి చూడండి. ఆయనది కఠినత్వం అని నాకు అనిపించలేదు, బహుశా ఈ చిక్కు నుంచి తల్లినీ మిమ్మల్నీ తప్పించాలని చూస్తున్నారు.

నాలుగోది, ఇది చాలామందికి తట్టదు. అంత్యక్రియల మర్నాడు ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన ఉంటుంది. అప్పుడు అంత్యక్రియలకు కట్టిన నలుపు, ఎరుపు తీసేసి తెలుపో, తెలుపు మీద నలుపో కట్టుకుంటారు. అక్కడ తెలుపు సంతోషానికి, గెలుపుకి గుర్తు. ఆ రోజు ఒక గంట వెళ్లినా కుటుంబం చాలా గౌరవంగా చూసుకుంటుంది. ప్రార్థన కాబట్టి అత్తగారు కూడా వస్తానంటారేమో. కానీ ఆవిడకు ఇక్కడే ఇంకో ఇబ్బంది రావచ్చు, పెళ్లి ముందు తెల్లచీర కట్టమంటే! ఆవిడను వాళ్లలా కట్టుకోమని ఎవరూ అడగరు. లేత రంగు చీర చాలు.

రంగుల మాట వచ్చింది కాబట్టి మీకూ చెబుతాను. ఎరుపు మనకు పెళ్లి రంగు, అక్కడ చావులో దగ్గరివాళ్ల రంగు. ఈ సంగతి తెలియక నేను మొదటిసారి ఎర్రటి నేతచీర కట్టుకుని ఒక అంత్యక్రియలకు వెళ్లాను. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని మెల్లగా "పోయినాయన మీకేమవుతారు?" అని అడిగింది. దగ్గరి బంధువుననుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. మీరు నల్లటి కాటన్ చీరో చుడీదారో వేసుకోండి, నగలు తగ్గించండి. టెంటు కిందికి రాగానే కూర్చున్న వాళ్లందరికీ వరసగా చెయ్యి కలుపుతూ వెళ్లాలి. మీ కుడివైపు చివర ఉన్నవాళ్లతో మొదలుపెట్టి ఎడమకు. ఎప్పుడూ కుడిచెయ్యే. ఎడమచేత్తో ఇవ్వకూడదన్నది మనకి కొత్త కాదు కదా. "డుయే, డుయే" అంటే చాలు, మనం "అయ్యో పాపం, ఊరుకోండి" అన్నట్టు. మీరు కూర్చున్నాక వాళ్లే లేచి మీ దగ్గరికి వచ్చి మళ్లీ చెయ్యి కలుపుతారు.

ఇక మీ సిగ్గు సంగతి. పిలుపు రాగానే "చూడొచ్చు" అనిపించిందని మీరు మిమ్మల్ని అంతగా తిట్టుకోకండి. కొత్త దేశంలో కళ్లు తెరుచుకుని ఉన్న మనిషికి అలా అనిపిస్తుంది. కానీ పిలిపించుకుని వెళ్లిన చోట మీరు టూరిస్టు కాదు, ఆ ఇంటికి వచ్చిన మనిషి. ఆ తేడా మీకు తెలుసు కాబట్టే సిగ్గు పడ్డారు. అక్కడ ఫోటోలు తప్పు కూడా కాదు, కుటుంబమే వీడియోవాళ్లను పెట్టుకుంటుంది. కానీ మీ ఫోను సంచిలోనే ఉండనివ్వండి. ఆవిడ "రండి, మా అన్నయ్యలతో ఒక ఫోటో దిగుదాం" అంటే దిగండి. శవాన్ని, ఏడ్చేవాళ్లను తీయొద్దు. తీసినవి స్టేటస్‌లో పెట్టొద్దు. మన నాన్నగారి దినానికి ఎవరో కొత్తవాళ్లు వచ్చి వీడియో తీసి "తెలుగువాళ్ల చావు" అని పెడితే మనకెలా ఉంటుందో, అంతే.

చూడాలన్న మీ ఆశ తీరే చోట్లు కుమాసిలో చాలా ఉన్నాయి. ఆదివారం అత్తగారితో హాయిగా వెళ్లండి. మన్హియా ప్యాలెస్‌లో పాత భవనం ఇప్పుడు మ్యూజియం. బ్రిటిష్‌వాళ్లు 1896లో పట్టుకుపోయి సీషెల్స్ దీవుల్లో ఉంచిన అసాంతే రాజు ప్రెంపే 1924లో తిరిగొచ్చాక, ఆయన కోసం 1925లో కట్టింది. 1874లో బ్రిటిష్ సైన్యం కుమాసిని తగలబెట్టి దోచుకుపోయిన బంగారు వస్తువుల్లో కొన్ని 150 ఏళ్ల తర్వాత, 2024లో, ఇక్కడికి వచ్చాయి. అమెరికాలోని ఫౌలర్ మ్యూజియం ఏడింటిని శాశ్వతంగా తిరిగి ఇచ్చేసింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం రెండూ కలిసి 32 వస్తువులు పంపాయి, అవి మాత్రం అప్పుగా! ఎవరి సొమ్ము ఎవరికి అప్పు? కోహినూర్‌ని పోగొట్టుకున్న కృష్ణాతీరం మనుషులం, ఆ మంట మనకు వేరే చెప్పాలా?

ఎజిసు దాటేటప్పుడు అత్తగారికి ఒక కథ చెప్పండి. అసాంతేలకు ఒక బంగారు పీఠం ఉంది, అనోచే అనే పూజారి దాన్ని ఆకాశం నుంచి దింపాడని, జాతి ప్రాణమంతా అందులోనే ఉందని నమ్మకం. రాజు కూడా దాని మీద కూర్చోడు. 1900లో ఇంగ్లీషు గవర్నర్ హాడ్జ్‌సన్ వచ్చి ఆ పీఠం తెచ్చి ఇమ్మన్నాడు. అప్పుడు యుద్ధం నడిపింది ఎజిసు రాజమాత యా అసాంతేవా. చివరికి ఆమెను పట్టుకుని సీషెల్స్‌కి పంపారు, 1921లో అక్కడే పోయింది. పీఠం మాత్రం వాళ్లకు దొరకలేదు. మీ పనావిడ వాళ్లది ఆ ఊరి గాలి పీల్చిన వంశం.

పిఠాపురం ఆవిడకు కెంటే నేసే ఊరు బొన్విరే మాత్రం తప్పకుండా చూపించండి. పక్కనే ఉప్పాడ మగ్గాలు చూస్తూ పెరిగిన మనిషి కదా, అక్కడి నుంచి కదలరు. కెంటేని నాలుగంగుళాల వెడల్పు పట్టీలుగా నేసి, వాటిని పక్కపక్కన పెట్టి కుడతారు. నేసేవాడు అచ్చుతాళ్లను కాలివేళ్ల మధ్య పట్టుకుని లాగుతుంటాడు. 2024లో యునెస్కో ఈ నేతను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషానికి కట్టే బట్ట అది, పెళ్లి ఇంటికి ఒక ముక్క కొనుక్కెళ్లడానికి అత్తగారికి ఏ పట్టింపూ ఉండదు. అదే న్టొన్సో అనే ఊళ్లో సొరబుర్ర ముక్కల మీద చెక్కిన అచ్చులతో ముద్రలు వేసే 'అడింక్రా' బట్ట ఉంటుంది చూశారూ, అది మొదట్లో చావు బట్టే. అందులో ఒక గుర్తు నిచ్చెన, అందరూ ఎక్కక తప్పని మృత్యువు నిచ్చెన. అది మాత్రం పెళ్లి సామాన్లలో పెట్టకండి.

రాజుగారి దర్బారు, 'అక్వసిడే', ఆరు వారాలకొక ఆదివారం వస్తుంది. పెద్ద గొడుగులు, బంగారం, తాళాలు, డప్పులు, కళ్లు చాలవు. మీరు వెళ్లే ఆదివారమే పడకపోవచ్చు, ఇంకోసారికి ఉంచుకోండి. ఎలాగూ ఇంకా ఆ దేశంలోనే ఉంటారు.

ప్రయాణం గురించి రెండు ముక్కలు. అక్రా నుంచి కుమాసి 250 కిలోమీటర్లు, రోడ్డు మీద అయిదారు గంటలు. రాత్రి ప్రయాణం వద్దు. అత్తగారికి కష్టమైతే విమానంలో గంట లోపే. మలేరియా జాగ్రత్త టేమాలో తీసుకున్నట్టే అక్కడా తీసుకోవాలి. శాకాహారం అయితే చేపపొడి ఉందా అని ప్రతిచోటా అడగండి, కూరల్లో తెలియకుండా వేస్తారు. మసాలా పట్టించి వేయించిన పండు అరటి, 'కెలెవెలె', అత్తగారికి నచ్చుతుంది. చేమాకుల్లాంటి ఆకులతో 'కొంటొమిరే' కూర చేస్తారు, చేప వేయకుండా చేయించుకోగలిగితే అచ్చం మనింటి రుచే.

ఆవిడ మళ్లీ శుక్రవారం పనికి వస్తుందని రాశారు. అప్పటికి అత్తగారు, మీవారు ఏమంటారో తేలకపోవచ్చు, తేలేదాకా ఆగొద్దు. ముందు ఆ అడ్వాన్సు మాటకు క్షమాపణ చెప్పండి. తర్వాత ఆవిడను కూర్చోబెట్టి వాళ్లమ్మగారి పేరు అడగండి. నాలుగు పేజీల ఉత్తరంలో మీరు ఆ పేరు రాయలేదు. ఏ వారంలో పుట్టారో ఆ పేరులోనే ఉంటుంది, గురువారమైతే యా, ఆదివారమైతే అకోసువా. అక్కడి నుంచి ఆవిడే చెప్పుకుంటూ వెళ్తుంది.